పారిపోవడానికి ముందు మెదడులో ఏం జరుగుతుంది?

మీ ప్రశ్న – మా జవాబు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావాటి సారం ఒక్కటే: ఆపద ముంచుకొచ్చినప్పుడు జీవులు ఎలా తప్పించుకుంటాయి, ఆ క్షణంలో వాటి మెదడు ఏం చేస్తుంది అన్నది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రొయ్యల గుంట దగ్గర, కోళ్ళ గంప దగ్గర, జాతీయ రహదారి మీద తాము కళ్ళారా చూసిన సంగతులు రాసి మరీ అడిగారు గనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము. అడిగినవారిలో ఎక్కువమంది వేగం గురించే అడిగారు. వేగం ముఖ్యమే గాని, ప్రతి అలికిడికీ పరుగెత్తే జీవికి మేత దక్కదు, జత దక్కదు, ఒంట్లో శక్తి మిగలదు. ఎప్పుడు కదలాలి, ఎటు కదలాలి, అసలు కదలాలా వద్దా అని తేల్చడమే మెదడుకు కష్టమైన పని. అందువల్ల జవాబులలో ఆ వైపే ఎక్కువ మొగ్గు చూపాము.

ప్రశ్న: మాది అల్లూరు మండలం. వనామీ గుంటలు చేస్తున్నాము. చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) పైకి లాగేటప్పుడు రొయ్యలు ఒక్కసారిగా వెనక్కి ఎగిరి ట్రే దాటి పడిపోతాయి. మామూలుగా ముందుకు ఈదే జీవి ఆపద వచ్చినప్పుడు మాత్రం వెనక్కే ఎందుకు ఎగురుతుంది? అంత చిన్న మెదడుతో అంత త్వరగా ఎలా నిర్ణయించుకుంటుంది? – ఒక రొయ్యల రైతు

జవాబు: మీరు గుంటలో పెంచి అమ్మేది, మేము వండుకుని తినేది నిజానికి రొయ్య తప్పించుకునే యంత్రాన్నే. తల తీసేశాక మిగిలే కండలో అధిక భాగం తోకను ఒక్క ఊపున లోపలికి ముడవడానికే ఉన్నది. తోక చివరి విసనకర్రను విప్పి, కడుపు కిందికి బలంగా ముడిచినప్పుడు నీరు ముందుకు నెట్టబడుతుంది, రొయ్య వెనక్కి దూసుకుపోతుంది. ముందుకు ఈదడానికి వాడే చిన్న ఈత కాళ్ళకు ఆ బలం లేదు. శత్రువు ఎక్కువగా కళ్ళకు, మీసాలకు ఎదురుగా వస్తుంది గనుక వెనక్కి పోవడమే దానికి లాభం.

ఇక త్వరగా ఎలా అన్నది. దీన్ని శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశీలించింది మన రొయ్యలో కాదు. రొయ్యకు దూరపు చుట్టమై, ఎండ్రకాయ డెక్కల వంటి డెక్కలు గల క్రేఫిష్ అనే మంచినీటి జీవిలో. దాని కడుపు వైపున ఉండే నాడీ తాడులో, తల నుంచి తోక దాకా, మిగతా నరాల కంటే ఎన్నో రెట్లు లావైన నాడీ తంతువులు రెండు జతలు ఉంటాయి. తంతువు లావయ్యే కొద్దీ అందులో సంకేతం వేగంగా పరుగెడుతుంది. 1947లో వీర్స్మా అనే శాస్త్రజ్ఞుడు వీటిలో ఒక్క తంతువుకు చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తే చాలు, తోక విసురు మొత్తం యథాతథంగా జరిగిపోతుందని చూపించాడు. ఒకే ఒక్క నాడీకణం ఒక పూర్తి చర్యను నడిపించగలదని ఇంత స్పష్టంగా తేలడం జీవశాస్త్రంలో పెద్ద విశేషం. ఈ రెండు జతలకు పని విభజన కూడా ఉన్నది. తల వైపు నుంచి ఆపద వస్తే మధ్య జత పనిచేసి జీవిని తిన్నగా వెనక్కి విసురుతుంది. తోకను ఎవరైనా తాకితే పక్క జత పనిచేస్తుంది. అప్పుడు తోక పైభాగం మాత్రమే ముడుచుకుని, జీవి పైకి లేచి ముందుకు పల్టీ కొడుతుంది. ఎటు పోవాలన్న లెక్క చాలావరకు ఏ తంతువు రేగిందన్న దానిలోనే తేలిపోతుందన్న మాట.

మరో మెళకువ కూడా ఉన్నది. సాధారణంగా ఒక నాడీకణం మరో కణానికి రసాయనం ద్వారా కబురు పంపుతుంది. అందుకు సెకనులో వెయ్యో వంతు, అంటే ఒక మిల్లీసెకను దాకా పట్టవచ్చు. క్రేఫిష్ తోక విసురు దారిలో మాత్రం కణం నుంచి కణానికి విద్యుత్తు నేరుగా దాటిపోయే అతుకులు ఉన్నాయని ఫర్ష్‌పాన్, పాటర్ అనే ఇద్దరు 1959లో కనుగొన్నారు. రొయ్యలు ఈ వేగాన్ని మరింత ముందుకు తీసుకుపోయాయి. మీ వనామీ కుటుంబానికే చెందిన కురుమా రొయ్యలో లావు తంతువుకు ప్రత్యేకమైన తొడుగు ఉండడం వల్ల సంకేతం సెకనుకు 200 మీటర్ల వరకు పరుగెడుతుంది. మనిషి ఒంట్లో అతి వేగవంతమైన నరంలో ఇది సెకనుకు సుమారు 120 మీటర్లు మాత్రమే. ఈ ఒక్క విషయంలో మనిషి రొయ్యకు చాలనివాడే.

అయితే ఇదంతా చూసి రొయ్య జాతి మీట నొక్కితే కదిలే బొమ్మ అనుకోకండి. క్రేఫిష్ మేత తింటున్నప్పుడు పక్క జత తంతువులు అంత తేలికగా రేగవు. మేతను వదులుకునేంత ఆపద అయితేనే కదులుతుంది. దాన్ని గట్టిగా పట్టుకుని ఉంచితే పైనుంచి వచ్చే నాడులు ఆ విసురును అణచి ఉంచుతాయి, ఎందుకంటే పట్టులో ఉండగా తోక విసరడం వృథా. ఆపద నెమ్మదిగా, దూరం నుంచి వస్తుంటే లావు తంతువులతో పని లేకుండా, ఆలస్యంగానైనా దిశను చూసుకుని తోక విసిరే మూడో మార్గం ఒకటి ఉన్నది. మొదటి విసురు తరువాత వరుసగా వెనక్కి ఈదుకుంటూ పోయేది కూడా ఆ మార్గంలోనే.

మీ పనికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. ఈ విసురుకు కావలసిన శక్తి కండలో ముందే నిలవ ఉన్న ఆర్జినిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం నుంచి వస్తుంది. అది కాసిని విసురులకే అయిపోతుంది, తిరిగి నిండడానికి ఆక్సిజన్ కావాలి. కనుక గుంటలో ఆక్సిజన్ తక్కువగా ఉండే తెల్లవారుజామున ట్రేను గబుక్కున లాగి రొయ్యలను పదేపదే ఎగిరించడం వాటికి భారమే అవుతుంది. నెమ్మదిగా ఎత్తడం మేలు.

ప్రశ్న: సోమశిల కాలువ కింద మా చెరువులో విసురు వల వేస్తాను. వల నీటిని తాకిన మరుక్షణం చేప పక్కకు మెలిక తిరిగి తప్పుకుంటుంది. వల ఏ వైపు నుంచి వచ్చిందో దానికి అంత కచ్చితంగా ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: చాలా ఎముకల చేపలలో, కప్ప తోకపిల్లలలో కూడా, మెదడు వెనుక భాగంలో కుడి ఎడమలకు ఒక్కొక్కటి చొప్పున రెండు పెద్ద నాడీకణాలు ఉంటాయి. 1859లో వీటిని వర్ణించిన శాస్త్రజ్ఞుడి పేరు మీద మౌత్‌నర్ కణాలు అంటారు. ఎడమ వైపు అలజడి కలిగితే ఎడమ చెవి నాడి ఎడమ కణాన్ని రేపుతుంది. ఆ కణపు తంతువు మధ్య గీత దాటి కుడి వైపుకు పోయి, వెన్నుపాము పొడవునా కుడి పక్క కండలనన్నిటినీ ఒకేసారి బిగిస్తుంది. చేప కుడి వైపుకు అర్ధచంద్రాకారంలో వంగిపోతుంది, ఆ వెంటనే తోకను ఎదురు వైపుకు కొట్టి ఆపదకు దూరంగా దూసుకుపోతుంది. శబ్దం చేరిన తరువాత ఒంపు మొదలవడానికి పట్టేది సుమారు పది మిల్లీసెకన్లే. రెండు కణాలూ ఒకేసారి రేగితే రెండు పక్కలా కండలు బిగిసి చేప ఉన్నచోటనే ఉండిపోవాలి. అలా జరగకుండా ఒక కణం రేగిన వెంటనే రెండోదాని నోరు నొక్కే చిన్న కణాలు మధ్యలో ఉంటాయి. అదీ మీరు చూసే మెలిక.

ఇంత చక్కని ఏర్పాటులో ఒక లోపం ఉన్నది: ఒకసారి రేగిన తరువాత చేప మనసు మార్చుకోలేదు. ఆ లోపం మీద బతికే పాము ఒకటి థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం ప్రాంతాల మంచినీటిలో ఉంటుంది. ముక్కు దగ్గర రెండు మీసాల వంటి తొడిమలు ఉండడం వల్ల దాన్ని మీసాల పాము అనవచ్చు. అది నీటిలో తలను వెనక్కి వంచి, కొక్కెం ఆకారంలో కదలకుండా పడి ఉంటుంది. చేప ఆ కొక్కెపు ఒంపులోకి, తలకూ ఒంటికీ మధ్యకు రాగానే, తలతో కాటు వేయడానికి ముందు ఒంటి మధ్య భాగాన్ని ఒక్కసారి కదిలిస్తుంది. ఆ కదలికకు చేపలో పాము ఒంటి వైపున్న మౌత్‌నర్ కణం రేగుతుంది. చేప పాము ఒంటికి దూరంగా, అంటే నేరుగా దాని నోటి వైపుకే వంగుతుంది. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ కటానియా 2009లో అతివేగపు కెమెరాతో ఈ తంతును చిత్రించినప్పుడు, చేపలు ఎక్కువసార్లు పాము తల వైపుకే తిరిగాయి, కొన్ని ఏకంగా నోట్లోకే పోయాయి. చేప పాము తలకు సమాంతరంగా కాక అడ్డంగా ఉన్నప్పుడు కూడా పాము చేప ఉన్నచోటికి కాక, అది తప్పుకుని చేరబోయే చోటికి గురి పెడుతుంది. అంతకుముందు చేపనే ఎరగని పిల్ల పాములు సైతం అలాగే గురి పెట్టాయని ఆయన తరువాత చూపించాడు. చేప మెదడులోని తీగల అమరిక ఎలా ఉంటుందో పాము జాతి తరతరాలుగా తన మెదడులోనే రాసుకున్నదన్న మాట.

అలాగని మౌత్‌నర్ కణాలు నష్టదాయకమని చెప్పలేము. ఆ పాము ఉండే నీళ్ళు కొన్నే. పక్క నుంచి వచ్చే నోళ్ళు, వలలు అన్ని చోట్లా ఉన్నాయి.

ప్రశ్న: ఇంట్లో నాలుగు నాటుకోళ్ళు పెంచుతున్నాను. పిల్లలు పుట్టి వారం కూడా కాకముందే ఆకాశంలో గద్ద తిరిగితే తల్లి రెక్కల కిందికి దూరిపోతాయి. కొంగ పోతే పట్టించుకోవు. గద్ద ఆకారం వాటికి పుట్టుకతోనే తెలుసా? – ఒక గృహిణి, కందుకూరు

జవాబు: ఈ ప్రశ్న వేసిన పెద్దలలో మీరు మొదటివారు కారమ్మా. 1930లలో కొన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్ అట్టతో ఒక పక్షి ఆకారం చేసి, ఒక వైపుకు లాగితే పొట్టి మెడ గల డేగలా, అటునుంచి ఇటు లాగితే పొడవు మెడ గల బాతులా కనిపించేటట్లు దాన్ని పక్షి పిల్లల మీదుగా నడిపించారు. డేగలా నడిచినప్పుడు పిల్లలు బెదిరాయనీ, ఆ ఆకారం పుట్టుకతోనే తెలుస్తుందనీ చాలాకాలం పుస్తకాలలో రాశారు. కాని తరువాత 1961లో ష్లైట్ అనే శాస్త్రజ్ఞుడు టర్కీ కోళ్ళతో పరీక్షించి, అవి ఆకారానికి కాక అరుదుతనానికి బెదురుతున్నాయని తేల్చాడు. రోజూ తల మీదుగా పోయే ఆకారానికి మెదడు అలవాటు పడిపోతుంది, ఎప్పుడో ఒకసారి కనిపించే దానికి బెదురుతుంది. మీ ఇంటి మీదుగా కొంగలు రోజూ పోతాయి, గద్ద ఎప్పుడో గాని రాదు.

రెండో సంగతి, పిల్లలు సొంత కళ్ళ కంటే తల్లి గొంతును ఎక్కువగా నమ్ముకుంటాయి. పైనుంచి ఆపద వస్తే కోడి సన్నగా సాగదీసి అరుస్తుంది. ఆ అరుపు ఎక్కడినుంచి వచ్చిందో కనిపెట్టడం గద్దకు కష్టం. కుక్కో పిల్లో నేల మీద వస్తే తెగ్గొడుతూ గట్టిగా అరుస్తుంది. మొదటి అరుపుకు నక్కి కూర్చోవడం, రెండోదానికి మెడ ఎత్తి చుట్టూ చూడడం కోళ్ళ తీరు. ఈసారి చెవి పెట్టి వినండి, తేడా మీకే తెలుస్తుంది.

అయితే పుట్టుకతో వచ్చేది ఒకటి మాత్రం తప్పక ఉన్నది. అది ఫలానా పక్షి ఆకారం కాదు, కంటిలో నీడ గబగబా పెద్దదవడం. మీదికి దూసుకొచ్చే ఏ వస్తువైనా కంటి తెర మీద మొదట నెమ్మదిగానూ, దగ్గరకు వచ్చే కొద్దీ మహా వేగంగానూ విస్తరిస్తుంది. మిడత నుంచి మనిషి పసిపాప దాకా దీనికి స్పందించని జీవి అరుదు. 2013లో యిల్మాజ్, మైస్టర్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల పెట్టె పైకప్పున తెర పెట్టి, దాని మీద నల్లని చుక్కను గబాలున పెద్దది చేసి చూపించారు. గద్దను ఎన్నడూ చూడని ప్రయోగశాల చిట్టెలుకలు సైతం మొదటిసారే గూట్లోకి పరుగెత్తాయి, లేదా ఉన్నచోటే బిగుసుకుపోయాయి.

ఆ సమయంలో మెదడులో ఏం జరుగుతున్నదో 2018లో లండన్‌లో టియాగో బ్రాంకో బృందం చాలా దగ్గరగా చూసింది. కంటి నుంచి వచ్చిన కబురు మొదట మధ్య మెదడు పైకప్పుకు చేరుతుంది. పక్షులలో, చేపలలో, కప్పలలో ఆ భాగం మరీ పెద్దది. ఆపద దగ్గరయ్యే కొద్దీ అక్కడ నాడుల చురుకుదనం పెరుగుతూ పోతుంది, అయినా జంతువు వెంటనే కదలదు. చెరువులోకి నీరు ఎంత చేరుతున్నా కలుజు మట్టం దాటితే గాని బయటికి పారదు కదా. అలాగే ఆ చురుకుదనం ఒక హద్దు దాటినప్పుడే దాని కిందనున్న మరో భాగం, నడిమి నాళం చుట్టూ ఉండే బూడిదరంగు పదార్థపు వీపు వైపు కణాలు, రేగి పరుగును మొదలుపెడతాయి. ఆ రెండు భాగాల మధ్య అతుకు బలహీనమైనదే కావడం వల్ల చిన్నాచితకా అలికిళ్ళు ఇవతలే ఆగిపోతాయి. ఆ అతుకును పనిచేయకుండా చేస్తే ఎలుక ఆపదను చూడడం మానలేదు గాని, పరుగెత్తడం మాని బిగుసుకుపోయింది. అంటే బెదురు, పరుగు ఒకటే కావు. రెంటికీ మెదడులో వేరువేరు చోట్లు ఉన్నాయి.

అదే బృందం అంతకు ముందే 2017లో ఇంకొకటి గమనించింది. కొత్త చోట వదిలిన ఎలుక ఒక్కసారి గూడు చూసి వస్తే చాలు, ఆపద రాగానే గూడు కనిపించకపోయినా తిన్నగా దాని చోటికే పరుగెత్తుతుంది. గూడే లేని చోట అదే చుక్కను చూస్తే పరుగెత్తక బిగుసుకుపోతుంది. మీ కోడిపిల్లలకు తల్లి రెక్క ఎంత దగ్గరలో ఉన్నదన్నది కూడా ఇలాగే లెక్కకు వస్తుందని మేము అనుకుంటున్నాము.

ప్రశ్న: మైపాడు తీరంలో ఎండ్రకాయలు మనిషిని చూడగానే తమ బొరియలోకే దూరుతాయి. అన్ని బొరియల మధ్య తనది ఏదో ఎలా గుర్తుపడతాయి? – ఒక పదో తరగతి విద్యార్థి

జవాబు: ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండే చిన్న ఎండ్రకాయలలో దీన్ని బాగా పరిశీలించారు. అవి బొరియను చూసి పోవు, లెక్క పెట్టుకుని పోతాయి. బయటికి వచ్చినప్పటి నుంచి ఎటు ఎంత నడిచాయో మెదడు కూడుకుంటూ ఉంటుంది. ఇల్లు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నదో ఎప్పటికప్పుడు సిద్ధంగా ఉంటుంది. ఎండ్రకాయ మేస్తున్న చోట కింద పరిచిన పట్టను దానితో సహా మెల్లగా జరిపి బెదిరిస్తే, అది బొరియ ఉన్న చోటికి పోదు. లెక్క ప్రకారం బొరియ ఉండవలసిన చోటికి పోయి అక్కడ వెతుక్కుంటుంది. ఇంటికి ఎంత దూరంగా ఉంటే అంత ముందుగా పరుగు అందుకుంటుంది కూడా. మైపాడులో ఈసారి చూసినప్పుడు, బొరియ అంచున ఉన్నది ఎంత దగ్గరకు రానిస్తుందో, దూరంగా ఉన్నది ఎంత ముందుగా పరుగెడుతుందో పోల్చి చూడు.

ప్రశ్న: చెప్పు ఎత్తగానే బొద్దింక ఎలా పసిగడుతుంది? – డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: వెనుక వైపు గాలితో. బొద్దింక వెనుక చివర రెండు చిన్న కొమ్ముల వంటివి ఉంటాయి, వాటి నిండా గాలి ఏ కాస్త కదిలినా ఊగే సన్నని వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక ఒక్కో దిశకు ఎక్కువగా ఊగుతుంది గనుక గాలి ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ కబురు లావు తంతువుల ద్వారా కాళ్ళను నడిపే నాడీ గ్రంథులకు పోతుంది. తల దాకా పోయి రావలసిన పని లేదు. 1978లో కామీ బృందం కప్పను బొద్దింక మీదికి వదిలి చూసింది: కప్ప నాలుక చాచే లోపే, దాని ఒంటి కదలిక తోసుకొచ్చిన గాలికే బొద్దింక తిరిగిపోయింది. పట్టిన సమయం సుమారు సెకనులో ఇరవయ్యో వంతు. పైగా అది ఎప్పుడూ ఒకే కోణంలో పారిపోదు. వేటగాడికి అంచనా దొరకకుండా కొన్ని కోణాల మధ్య మార్చుకుంటూ ఉంటుందని 2008లో తేలింది.

తల మెదడుకు పనే లేదా అంటే, ఉన్నది. మన దేశంలో కూడా కనిపించే, పచ్చరాయిలా మెరిసే ఒక జాతి కందిరీగ దాన్ని మనకు చక్కగా చూపిస్తుంది. అది బొద్దింకను మొదట రొమ్ము దగ్గర కుట్టి ముందుకాళ్ళను కాసేపు పడగొడుతుంది, తరువాత మెడ సందులోంచి సూటిగా మెదడులోకే కుడుతుంది. విషం ఎక్కిన బొద్దింక చావదు, దాని కాళ్ళు చచ్చుపడవు, వెల్లకిలా తిప్పితే తిరిగి లేస్తుంది. పోయిందల్లా తనంతట తాను నడవాలన్న, పారిపోవాలన్న చొరవ మాత్రమే. కందిరీగ దాని మీసం కొరికి, మిగిలిన మొదలు పట్టుకుని నడిపించుకుంటూ పోయి, గూట్లో దించి, కాలి మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగుకు ఆ బొద్దింకే ఆహారం. చూడడానికి ఒళ్ళు జలదరించే తంతే అయినా, కాళ్ళను నడిపే నాడులు వేరనీ, వాటిని నడవమనే మెదడు వేరనీ ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ దొరకదు.

ప్రశ్న: బల్లి తోక తెగి పడ్డాక కూడా ఎగురుతూనే ఉంటుంది. అందులో మెదడు లేదు కదా? – ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: లేదు, వెన్నుపాము ముక్క ఉన్నది. కండలను వంతులవారీగా బిగించి వదిలే నాడుల అల్లిక అందులోనే ఉండడం వల్ల పైనుంచి ఆజ్ఞ లేకపోయినా కాసేపు ఆడుతుంది, పిల్లి దాన్ని చూస్తూ ఉండగా బల్లి జారుకుంటుంది. తోక ఎముకలలో ముందే విరుగు గీతలు ఉంటాయి, వాటి దగ్గరే తెగుతుంది. తోకలో కొవ్వు నిలవ ఉంటుంది గనుక బల్లికి ఇది ఖరీదైన బేరమే.

ప్రశ్న: మొన్న ఒంగోలులో రోడ్డు దాటుతుండగా లారీ మీదికి వచ్చింది. పరుగెత్తాల్సింది పోయి కాళ్ళు బిగుసుకుపోయాయి. ఎవరో చెయ్యి పట్టి లాగారు. అడ్రినలిన్ పనిచేయలేదా? నాలో ఏదైనా లోపమా? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: లోపమేమీ లేదు, మాస్టారూ. ముందు అడ్రినలిన్ సంగతి. ఆపదలో అది ఒంటిని పోరుకు గాని పరుగుకు గాని సిద్ధం చేస్తుందని వాల్టర్ కానన్ 1915లో ప్రతిపాదించినప్పటి నుంచి, తప్పించుకోవడమంటేనే అడ్రినలిన్ అనే మాట జనంలో స్థిరపడిపోయింది. కాని ఆ రసం గ్రంథి నుంచి రక్తంలో కలిసి ఒళ్ళంతా చేరడానికి సెకన్లు పడతాయి. లారీ విషయంలో అప్పటికి జరగవలసింది జరిగిపోతుంది. అడ్రినలిన్ పనికొచ్చేది మొదటి అడుగుకు కాదు, ఆ తరువాతి పరుగుకు.

మొదటి అడుగును తేల్చేది పైన చెప్పిన నడిమి బూడిదరంగు భాగమే, అది మనకూ ఉన్నది. దాని వీపు వైపు కణాలు పరుగును నడిపితే, కింది పక్క కణాలు బిగుసుకుపోవడాన్ని నడుపుతాయి. అంతకు ముందు ఎదురైన ప్రమాదాలను గుర్తుపెట్టుకుని హెచ్చరించే అమిగ్దలా అనే భాగం వాటికి పైనుంచి కబురు పంపుతుంది. బిగుసుకుపోయినప్పుడు గుండె వేగం తగ్గుతుంది, చూపు, వినికిడి పదును తేలుతాయి. వేటాడే జంతువుల కళ్ళకు కదలికే ముందు పడుతుంది గనుక, అడవిలో ఇది చాలాసార్లు ప్రాణం కాపాడే ఉపాయమే. నల్లమలలో దుప్పి చప్పుడు విని మొదట చేసేది కూడా అదే: కాలు ఎత్తి నిలబడిపోవడం. లారీ మాత్రం మన కదలిక చూసి వేటాడేది కాదు. ఆ తేడా మధ్య మెదడుకు తెలియదు.

2007లో లండన్‌లో డీన్ మాబ్స్ బృందం మనుషుల చేత ఒక ఆట ఆడించింది. తెర మీద దారుల మధ్య ఒక వేటగాడు వెంట పడుతుంటాడు, దొరికితే చేతికి చిన్న షాక్ తగులుతుంది. వేటగాడు దూరంగా ఉన్నంతసేపు ముందు మెదడులో, ఆలోచించి దారి ఎంచుకునే భాగంలో చురుకుదనం కనిపించింది. దగ్గరకు వచ్చే కొద్దీ అది అక్కడ తగ్గి, నడిమి బూడిదరంగు భాగంలో పెరిగింది. లారీ దూరంగా ఉండగా మీకు కనిపించి ఉంటే మీరు హాయిగా లెక్క వేసుకుని దాటేవారు. అది దగ్గరలో కనిపించే సరికి పెత్తనం మీ చేతిలోంచి పోయింది.

ప్రశ్న: సింగరాయకొండ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద కారు నడుపుతాను. రోడ్డు మీద ఏదో తింటున్న కాకి చివరి నిమిషం దాకా లేవదు. ఒక్కోసారి తప్పించుకుంటుంది, ఒక్కోసారి కారుకు తగులుతుంది. హారన్ కొట్టినా ప్రయోజనం ఉండదేం? – ఒక డ్రైవరు

జవాబు: కాకి మిమ్మల్ని చూడక కాదు. తింటున్న మేతను వదిలితే పక్క కాకి ఎత్తుకుపోతుంది, కనుక లేవక తప్పని దూరం దాకా ఆగుతుంది. ఎంత దూరంలో లేవాలన్నది మేత విలువ, ఆపద తీవ్రత, దాక్కునే చోటుకు దూరం తూచి తేల్చుకునే విషయమని 1986లో యిడెన్‌బర్గ్, డిల్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. అప్పటినుంచి ఎన్నో జీవులలో అది నిజమని తేలింది.

చిక్కు వేగం దగ్గర వచ్చింది. అమెరికాలో కౌబర్డ్ అనే పిట్టలకు ఎదురుగా వచ్చే వాహనం దృశ్యాన్ని రకరకాల వేగాలతో చూపించినప్పుడు, అవి వేగాన్ని పెద్దగా పట్టించుకోక దాదాపు ఒకే దూరంలో లేవసాగాయని 2015లో తేలింది. గంటకు 120 కిలోమీటర్లు దాటితే ఆ దూరం చాలదు, లేచే సమయమే ఉండదు. డేగ వేగాలకు తయారైన లెక్క అది. అయితే పక్షులు నేర్చుకోలేవని కాదు. 2013లో ఫ్రాన్సులో రోడ్ల మీది పక్షులను గమనించినప్పుడు, వేగ పరిమితి ఎక్కువగా ఉన్న రోడ్డు మీద అవి ఎక్కువ దూరం నుంచే లేచాయి. వస్తున్న కారు ఆ రోడ్డు మీది మామూలు వేగం కంటే మెల్లగా వచ్చినా, వేగంగా వచ్చినా అదే దూరంలో లేచాయి. అంటే అవి కారును కాదు, రోడ్డును నేర్చుకున్నాయి.

మీ రహదారి కాకులు కూడా అదే చేస్తున్నాయని మా అంచనా. అందరూ వెళ్ళే వేగంలో మీరు వెళ్తుంటే అవి చాలావరకు సమయానికే లేస్తాయి. అందరినీ దాటుకుంటూ వెళ్ళే రోజున తగులుతాయి. హారన్ అంటారా, రోజంతా వేల హారన్లు విని ఏ హానీ చూడని కాకికి అది ఇక ఆపద గుర్తు కాదు. పైన చెప్పిన టర్కీ కోళ్ళు రోజూ కనిపించే ఆకారానికి అలవాటు పడినట్టే దానికీ అలవాటు పడిపోయింది.